చేతి నొప్పిని ‘ఉమర్ కా దర్ద్’ అని వదిలేయకండి: ఆర్థరైటిస్‌లో చేతుల్ని కాపాడుకోవడం ఎలా?

మా ఇంట్లో గొడవ నల్లాతో మొదలైంది. ఫజర్‌కు లేచి అమ్మీ వజూ చేసిందంటే ఆ తర్వాత గంటసేపు నల్లా నుంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతూనే ఉండేవి. “గట్టిగా బంద్ చెయ్ అమ్మీ” అని నేను, “ఇస్రాఫ్ గుణా కదా” అని అబ్బా రోజూ అనేవాళ్లం. అమ్మీ ఏమీ మాట్లాడేది కాదు. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున ఆమె రెండు చేతులతో నల్లా పట్టుకుని తిప్పలేక అలాగే నిలబడి ఉండడం చూశాను. అప్పుడు అర్థమైంది, ఆమె నిర్లక్ష్యంగా వదిలేయడం లేదు. ఆమె వేళ్లు మాట వినడం లేదు.

అప్పటికే ఏడాదిన్నరగా ఆమె నొప్పి భరిస్తోంది. ఇంట్లో కుట్టుమిషన్ పని చేసే మనిషి. “మిషన్ మీద కూర్చుంటే చేతులు నొయ్యవా” అని తనకు తానే సర్దిచెప్పుకుంది. గల్లీలోని మెడికల్ షాపులో గోళీలు తెప్పించుకుని మింగింది. చివరికి డాక్టర్ చెప్పిన పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. “ఇంకా ముందే రావాల్సింది” అన్న మాట కూడా ఆ రోజే విన్నాం.

నేను బీకామ్ చదివిన రిపోర్టర్‌ని, డాక్టర్‌ని కాదు. కానీ అమ్మీ జబ్బు వల్ల ఈ విషయం చదవాల్సి వచ్చింది, అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. మన ఇళ్లలో చేతులు నొప్పి పెట్టే అమ్మీలు, నానీలు, ఆపాలు చాలామందే ఉన్నారు కాబట్టి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చెప్పదలచింది ఒక్కటే. చేతులకు పూర్తిగా పని మాన్పించడం పరిష్కారం కాదు, నొప్పిని సబర్‌తో భరిస్తూ పాత పద్ధతిలోనే పని చేయడమూ పరిష్కారం కాదు. జబ్బు ఏదో త్వరగా తేల్చుకోవాలి, పని చేసే తీరు మార్చుకోవాలి.

ముందు ఏ ఆర్థరైటిస్ అన్నది తెలియాలి

మనవాళ్లు అన్నిటికీ ఒకటే పేరు పెడతారు. ఉర్దూలో గఠియా, తెలుగులో కీళ్లవాతం. నిజానికి ఆర్థరైటిస్‌లో చాలా రకాలున్నాయి. చేతుల విషయంలో ఎక్కువగా కనిపించేవి రెండు.

మొదటిది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల. ఎముకల చివర మెత్తటి దిండులా ఉండే మృదులాస్థి పాడవుతుంది. ఇది ఎక్కువగా వయసు పైబడినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో కనిపిస్తుంది. చేతుల్లో ముఖ్యంగా గోళ్ల దగ్గరి చివరి కణుపులకు, మధ్య కణుపులకు, బొటనవేలి మొదలుకు వస్తుంది. కణుపుల దగ్గర గట్టి బుడిపెలు లేస్తాయి. పొద్దున వేళ్లు పట్టేసినా సాధారణంగా అరగంటలోపే సడలుతాయి. పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది.

రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది అరుగుదల కాదు. జబ్బుల నుంచి మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ముసలితనంలోనే వస్తుందనుకోవద్దు, ముప్పై, నలభై ఏళ్లవాళ్లకూ వస్తుంది. వేళ్ల మొదట్లో పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు వాస్తాయి. ఎక్కువగా రెండు చేతులకూ వస్తుంది. పొద్దున లేచాక గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు వేళ్లు ముడవడానికి రావు. నీరసం, ఆకలి తగ్గడం కూడా ఉండొచ్చు. ఎవరైనా ముసాఫహా చేసి చెయ్యి కాస్త నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుందా? అది డాక్టర్‌కు తప్పకుండా చెప్పాల్సిన గుర్తు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1.8 కోట్ల మందికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, 52.8 కోట్ల మందికి ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్నాయి. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం ఆడవాళ్లే.

ఇవి కాక చికెన్‌గున్యా జ్వరం తగ్గాక నెలల తరబడి వేళ్లు నొప్పి పెట్టొచ్చు. యూరిక్ ఆసిడ్ వల్ల గౌట్ రావొచ్చు. సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవాళ్లకు దానితోపాటు కీళ్లు వాయొచ్చు. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు వేళ్లు బిగుసుకుపోతాయి. రెండు అరచేతులూ కలిపి నొక్కితే వేళ్ల మధ్య సందు మిగిలిపోతుంటే ఆ సంగతి షుగర్ డాక్టర్‌కు చెప్పండి. పిల్లలకు కూడా ఆర్థరైటిస్ వస్తుంది. పిల్లాడు పొద్దున పెన్సిల్ పట్టుకోవడానికి ఏడుస్తుంటే, కణుపులు వాచి ఉంటే బద్ధకం అని కొట్టకండి, చూపించండి.

ఆలస్యం ఎందుకు చేయకూడదు?

రుమటాయిడ్‌లో వాపు లోపలే ఉండి ఎముకను, కీలు చుట్టూ ఉన్న నరాల్లాంటి పట్టీలను తినేస్తుంది. ఒకసారి ఎముక దెబ్బతిని వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోతే మందులతో అవి మళ్లీ నిటారుగా రావు. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే ఆ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. అందుకే కణుపులు వాచి కొన్ని వారాలైనా తగ్గకపోతే, పొద్దున బిగుతు అరగంట దాటుతుంటే ఇంకో నెల చూద్దాం అనుకోవద్దు.

ఈ జబ్బు చూసే డాక్టర్‌ను రుమటాలజిస్ట్ అంటారు. ఎముకల డాక్టర్ వేరు, రుమటాలజిస్ట్ వేరు. మాది లక్డీకాపూల్ పక్కనే. మన చుట్టూ ఆసుపత్రులకు కొదవ లేదు, రెడ్ హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. పెద్దవాళ్లకు పంజాగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, ఆ తర్వాత పంజాగుట్ట, అంటే మూడో స్టేషన్. నిజాం పేరు మీద ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై, తర్వాత ఇంత పెద్ద సంస్థ అయిన చోటు అది. ఓపీ ఏ రోజు, టోకెన్ ఎప్పుడు ఇస్తారు అన్నది ముందే కనుక్కుని వెళ్లండి. ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లు మీ జబ్బు పేరు చెప్పి ఆ కౌంటర్‌లో అడగండి.

రక్తపరీక్షల్లో సాధారణంగా ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రాస్తారు, చేతుల ఎక్స్‌రే తీస్తారు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ల్యాబ్‌కు తామే వెళ్లి ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేయించుకుని, నెగెటివ్ వస్తే “అల్‌హందులిల్లాహ్, ఏం లేదు” అని ఊరుకుంటారు. ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు, పాజిటివ్ వచ్చినా జబ్బు లేకపోవచ్చు. చేతిని పట్టుకుని చూసి తేల్చాల్సింది డాక్టరే.

వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, మింగుతున్న గోళీల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. వాపు పొద్దున ఎక్కువగా కనిపించి మధ్యాహ్నానికి తగ్గిపోతుంటే పొద్దునే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మాకు ఆ ఫొటోలు బాగా పనికొచ్చాయి.

చేతులకూ ఒక ఖాతా ఉంటుంది

డాక్టర్ అమ్మీని “రోజూ చేతులతో ఏమేం చేస్తారు?” అని అడిగితే “ఏముంది, ఇంటి పనే” అంది. ఇంటికొచ్చాక నేను నోట్‌బుక్ తీసుకుని ఒక రోజంతా ఆమె చేతుల ఖర్చు రాశాను. పిండి పిసకడం, కుక్కర్ మూత, బట్టలు పిండడం, బకెట్ మోయడం, కత్తెర, ఇస్త్రీ, తాళంచెవి, ఫోన్. రాత్రికి రెండు పేజీలు నిండాయి. జమ వైపు రాయడానికి ఏమీ దొరకలేదు.

మీరూ ఒక రోజు రాసి చూడండి. ఏ పని తర్వాత నొప్పి పెరిగిందో పక్కన గుర్తు పెట్టండి. తర్వాత ఈ అయిదు సూత్రాలు ఒక్కొక్క పనికి వర్తింపజేయండి.

మొదటిది, చిన్న కీలు చేసే పని పెద్ద కీలుకు అప్పగించాలి. వేళ్లతో పట్టుకునే సంచి ముంజేతికి గానీ భుజానికి గానీ తగిలించుకోవాలి. తలుపును వేళ్లతో కాక భుజంతో నెట్టాలి.

రెండోది, బిగించి పట్టుకోవడం తగ్గించాలి. బొటనవేలు, చూపుడువేలు కొసలతో కిలో బరువంత బలంగా చిటికె పడితే బొటనవేలి మొదటి కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుందని చేతి కీళ్లను పరిశోధించినవాళ్లు లెక్కగట్టారు. సన్నటి పిడి, సన్నటి పెన్ను, చిన్న తాళంచెవి ఎందుకు అంత నొప్పి పుట్టిస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. పిడి లావైతే భారం తగ్గుతుంది.

మూడోది, బరువును రెండు అరచేతుల మీద పంచాలి. నాలుగోది, ఎత్తే బదులు జరపాలి. అయిదోది, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందే విశ్రాంతి ఇవ్వాలి. అరగంట పని చేస్తే రెండు మూడు నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. పని ఆగిపోదు, చివర్లో చేతులు మొరాయించకుండా ఉంటాయి.

వంటింట్లో

అట్టా పిసికేటప్పుడు పిడికిలి కణుపులతో గుద్దకండి, అరచేతి మడమతో నొక్కండి. పిండి కాస్త మెత్తగా కలిపి అరగంట నానబెడితే సగం శ్రమ తగ్గుతుంది. వాపు ఎక్కువున్న రోజు ఆ పని ఇంట్లో మగపిల్లలు చేస్తే వాళ్ల చేతులేం అరిగిపోవు.

కుక్కర్, గిన్నెలు ఒంటి చేత్తో ఎత్తొద్దు. రెండు చేతులకూ మందపాటి గుడ్డ పెట్టుకుని రెండు వైపులా పట్టుకోండి. నీళ్లు నిండిన గిన్నెను నల్లా దగ్గర్నుంచి మోసుకురావడం కంటే ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి చెంబుతో నీళ్లు పోయండి. బిర్యానీ చావల్ వంచేటప్పుడు వేడి గిన్నె ఎత్తి వంచే బదులు జల్లి గరిటెతో తీయండి. దావత్ హండీ అయితే ఇద్దరు లేకుండా ముట్టుకోవద్దు.

ఆచార్ సీసా మూత రాకపోతే మూత మీద తడిగుడ్డ గానీ రబ్బరు గ్లౌజు గానీ వేసి, అరచేయి మొత్తం ఆనించి, భుజం నుంచి తిప్పండి. వేళ్లతో బిగించొద్దు. వాడాక మూత గట్టిగా పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

గరిటె, చాకు, బ్రష్, పెన్ను పిడులకు స్పాంజి గొట్టం గానీ పాత గుడ్డ గానీ చుట్టి టేప్ వేయండి. మేం సైకిల్ షాపులో దొరికే హ్యాండిల్ గ్రిప్ కొని చపాతీ పెనం పిడికి తొడిగాం, పదుల రూపాయల్లో అయిపోయింది. చాకు పదునుగా ఉంచుకోండి, మొద్దు చాకుకు ఎక్కువ బలం కావాలి. అల్లం వెల్లుల్లి వారానికి సరిపడా ఒకేసారి మిక్సీ పట్టుకోండి.

ఉతుకు, కుట్టు, ఫోన్

బట్టలు మెలితిప్పి పిండడం చేతులకు అన్నిటికంటే చెడ్డ పని. తడి బట్టను జాలీ బుట్టలో వేసి నీళ్లు కారనివ్వండి, లేదా అరచేతులతో గోడకు అదిమి నీళ్లు దించండి. బకెట్ సగమే నింపండి.

మిషన్ కుట్టేవాళ్లు, కార్చోబీ పని చేసేవాళ్లు ఫోన్‌లో అరగంటకు అలారం పెట్టుకోండి. కత్తెర పదును పట్టించండి. వదలగానే తనంతట తానే తెరుచుకునే స్ప్రింగు కత్తెర దొరికితే ఇంకా మంచిది. బట్టను గాల్లో పట్టుకోకుండా బల్ల మీద పరచి కత్తిరించండి. చేతిచక్రం మిషన్ ఉన్నవాళ్లు మోటారు పెట్టించుకుంటే మణికట్టుకు రోజూ వందల తిప్పుళ్లు తప్పుతాయి. హెమ్మింగ్, కాజా, బటన్లు అన్నీ ఒకే పూట పెట్టుకోకుండా మధ్య మధ్య వేరే పని చేయండి.

ఫోన్‌ను ఒంటి చేత్తో పట్టుకుని బొటనవేలితో గంటలు గంటలు జరపడం కూడా ఖర్చు వైపే రాయాలి. బల్ల మీద గానీ దిండు మీద గానీ పెట్టుకుని చూపుడువేలితో వాడండి. తెలుగులో గానీ ఉర్దూలో గానీ మాట చెబితే ఫోనే టైపు చేస్తుంది.

వజూ, నమాజు

చల్లనీళ్లు ఈ జబ్బు తెప్పించవు, కానీ చలికాలం ఫజర్‌లో బిగుసుకుపోయిన వేళ్లకు బాధ ఎక్కువ చేస్తాయి. గోరువెచ్చని నీళ్లు పెట్టుకోండి. బరువైన ఇత్తడి లోటా బదులు తేలికైన, రెండు చేతులతో పట్టుకోగల మగ్గు వాడండి. ఉంగరాలు, గాజులు బిగుతుగా ఉంటే వాపు ఎక్కువ కాకముందే తీసేయండి. తర్వాత కోయాల్సి వస్తుంది.

సజ్దాకు వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు ఒంటి బరువు మొత్తం వంచిన మణికట్టు మీద పడుతుంది. వాపు ఉన్నప్పుడు అది మంచిది కాదు. మోకాళ్లు సాయం ఉంటే బరువు వాటి మీద వేసుకుని లేవండి, పక్కన గట్టి స్టూలు పెట్టుకుని ముంజేయి ఆనించండి. అస్సలు వీలుకానప్పుడు కూర్చుని చేయడానికి దీన్‌లో సౌలభ్యం ఉంది. చేతికి పట్టీ కట్టుకుని ఉంటే వజూ ఎలా అన్నది కూడా మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. సన్నపూసల తస్బీహ్ వేళ్లతో జరపలేకపోతే పెద్ద పూసలది తీసుకోండి.

చేతులకు కసరత్తు

నొప్పి ఉన్న చెయ్యి కదపకూడదని మనలో ఒక నమ్మకం ఉంది. కదపకపోతే కీలు బిగుసుకుపోతుంది, కండ సన్నబడుతుంది, చివరికి గ్లాసు కూడా నిలవదు. బ్రిటన్‌లో చేతులకు రుమటాయిడ్ ఉన్న 490 మంది మీద చేసిన ‘సారా’ అనే అధ్యయనం ఫలితాలు 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మామూలు చికిత్స, సలహాలతోపాటు థెరపిస్ట్ నేర్పిన చేతి వ్యాయామాలు ఇంట్లో చేసినవాళ్ల చేతులు ఏడాది తర్వాత, వ్యాయామాలు చేయనివాళ్ల చేతుల కంటే బాగా పని చేశాయి.

ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని మొదలుపెట్టడం మంచిది. ఇంట్లో చేయగల తేలికైనవి ఇవి. ముందు అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచండి.

1. వేళ్లన్నీ నిటారుగా చాపండి. తర్వాత మెల్లగా కొసలు మాత్రం వంచి కొక్కెంలా చేయండి. మళ్లీ చాపి, ఈసారి మెత్తగా పిడికిలి ముడవండి, బిగించొద్దు.

2. అరచేయి బల్ల మీద ఆనించి వేళ్లు ఒకదానికొకటి దూరంగా విప్పండి, మళ్లీ దగ్గరికి తేండి.

3. అరచేయి బల్ల మీదే ఉంచి ఒక్కొక్క వేలును బొటనవేలి వైపు మెల్లగా జరపండి.

4. బొటనవేలి కొసతో ఒక్కొక్క వేలి కొసను తాకండి, మధ్యలో గుండ్రని సున్నా వచ్చేలా.

5. మణికట్టును మెల్లగా గుండ్రంగా రెండు వైపులా తిప్పండి.

6. మెత్తటి స్పాంజిని గానీ చుట్టిన సాక్సును గానీ అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కి వదలండి. వాపు, వేడి ఉన్న రోజుల్లో ఇది మానేయండి.

ఒక్కొక్కటి అయిదుసార్లతో మొదలుపెట్టి, ఓపికను బట్టి పదికి పెంచండి. చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉండడం మామూలే. చేశాక నొప్పి గంట రెండు గంటలైనా తగ్గకపోతే మరుసటి రోజు సగం చేయండి. అమ్మీ ఇవి అసర్ తర్వాత చాయ్ మరిగేలోపు చేసుకుంటుంది. రోజూ ఒకే సమయం పెట్టుకుంటే మరిచిపోరు.

వేడి, చల్లదనం, పట్టీ, మందు

పొద్దున బిగుతుకు వెచ్చదనం హాయినిస్తుంది. వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉన్న కీలుకు గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు బాగుంటుంది. షుగర్ వల్ల చేతులు తిమ్మిరిగా ఉన్నవాళ్లకు కాలింది తెలియదు, నీళ్ల వేడి ఇంకొకరు చూసి పెట్టాలి. మైనం కాపడం ఇంట్లో ప్రయోగం చేయొద్దు, ఫిజియోథెరపీ సెంటర్‌లోనే పెట్టించుకోండి.

బొటనవేలి మొదలు అరిగినవాళ్లకు, మణికట్టు వాచినవాళ్లకు స్ప్లింట్ అనే పట్టీ ఉపశమనం ఇస్తుంది. మీ చేతి కొలతకు సరిపోయేది తీసుకోవాలి, ఎంతసేపు వేసుకోవాలో అడగాలి. రోజంతా కట్టుకుని కూర్చుంటే కీలు బిగుసుకుంటుంది.

చేతి అరుగుదలకు గోళీల కంటే ముందు నొప్పి తగ్గించే జెల్ రాసి చూడమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. గోళీలు రోజుల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండు, కిడ్నీలకు దెబ్బ, బీపీ పెరగడం జరగొచ్చు. పైగా రుమటాయిడ్‌లో అవి నొప్పిని మాత్రమే దాస్తాయి, లోపల ఎముక పాడవడం ఆగదు. మా ఇంట్లో ఏడాదిన్నర జరిగింది అదే.

రుమటాయిడ్‌కు ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. చదవడం రాని పెద్దవాళ్లకు ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకుని, వారంలో ఒక రోజు ఖాయం చేసి, క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఇవ్వండి. దానితో ఫోలిక్ ఆసిడ్ కూడా రాస్తారు. మధ్య మధ్య రక్తపరీక్ష తప్పదు. నోట్లో పుండ్లు, జ్వరం వస్తే తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టర్‌కు చెప్పండి. గర్భంతో ఉన్నవాళ్లు ఈ మందు వాడకూడదు. పెళ్లి కావలసిన అమ్మాయిలు, పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడితే వేరే మందులున్నాయి. సంబంధాలు చెడతాయని జబ్బు దాచి, మందు మానేసి వేళ్లు వంకరపోయేదాకా తెచ్చుకోవద్దు.

“మూడు రోజుల్లో నొప్పి మాయం” అనే పేరులేని పొడులు, పుడియాలతో జాగ్రత్త. కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. మొదట అద్భుతంగా ఉంటుంది, తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను కూడా సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు.

రోజాలు ఉండాలనుకునేవాళ్లు రమ్‌జాన్‌కు ముందే ఒకసారి డాక్టర్‌ను కలవండి. మందుల వేళలను ఇఫ్తార్, సెహరీకి మార్చుకోవడం చాలామందికి వీలవుతుంది. ఖాళీ కడుపుతో నొప్పి గోళీ మాత్రం వేసుకోవద్దు.

గల్లీలో వినిపించే మాటలు

పాయా తాగితే అరిగిన గుజ్జు తిరిగి వస్తుందంటారు. పాయా రుచికి తాగండి, అది కడుపులో అరుగుతుంది తప్ప వేలి కీలులోకి వెళ్లి కూర్చోదు. గౌట్ ఉన్నవాళ్లయితే మాంసం ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి. పులుపు తింటే కీళ్లవాతం వస్తుందనడానికి ఆధారం లేదు. వేళ్లు విరుచుకుంటే ఆర్థరైటిస్ వస్తుందనేదీ అంతే. సిగరెట్, బీడీ మాత్రం రుమటాయిడ్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు

ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అది కీలులో చీము పట్టడం కావొచ్చు. ఒక వేలు ఉన్నట్టుండి పైకి లేవకుండా వాలిపోతే పట్టీ తెగి ఉండొచ్చు, ఆలస్యం వద్దు. రాత్రిపూట బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించండి. వేలు ముడిచాక టక్‌మని ఇరుక్కుపోతుంటే దానికీ వైద్యం ఉంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

ఈ జబ్బు బయటికి పెద్దగా కనిపించదు. నిన్న రోటీలు చేసిన మనిషి ఈ రోజు చేయలేకపోతే నాటకం అనిపిస్తుంది. రుమటాయిడ్ తీరే అంత, కొన్ని రోజులు తగ్గుతుంది, కొన్ని రోజులు విరుచుకుపడుతుంది. “నిన్న బాగానే ఉన్నావు కదా” అనే బదులు “ఈ రోజు చేతులు ఎట్లున్నాయి?” అని అడగండి. వైద్యం చేయించుకోవడం సబర్‌కు వ్యతిరేకం కాదు. జబ్బుకు మందు తీసుకొమ్మని మన ప్రవక్త (సఅసం) చెప్పిన సంగతి మనందరికీ తెలిసిందే.

మా ఇంట్లో మొదట మార్చింది ఆ నల్లానే. తిప్పే నల్లా తీసేసి పైకి ఎత్తితే తెరుచుకునే పొడవు పిడి నల్లా పెట్టించాం. ప్లంబర్‌కు పావుగంట పని. అమ్మీ వేళ్లు పూర్తిగా మునుపటిలా అవ్వలేదు, కుడిచేతి రెండు వేళ్లు కాస్త ఒరిగే ఉన్నాయి. మందులు పడ్డాక వాపు తగ్గింది, రోజుకు రెండు గంటలు మిషన్ కుడుతోంది. ఫజర్ వజూ అయ్యాక నల్లాను మోచేత్తో కిందికి నొక్కి బంద్ చేస్తుంది. ఆ ఏడాదిన్నర నీళ్లు కారినప్పుడు మేం ఒక్కసారి ఎందుకని అడిగి ఉంటే ఆ రెండు వేళ్లు కూడా నిటారుగానే ఉండేవేమో. మీ ఇంట్లో ఎవరి చేతి నుంచైనా గ్లాసు జారితే, మూత రాకపోతే, నల్లా కారితే తిట్టకముందు ఒకసారి ఆ చేతులు చూడండి.